వెంట్రుకలో సగం

పటాన్‌చెరువు,
12-9-1976

అక్కకు రాజేశ్వర్ నమస్కరించి రాస్తున్నాను.

నేను క్షేమం. నువ్వు, బావ, పిల్లలు క్షేమమని తలుస్తాను. సంగారెడ్డి ఇక్కడికి ముప్పావు గంట బస్సు. అయినా ఉత్తరమే రాయవలసి వస్తోంది, ఎందుకంటే ఆదివారాలు కూడా పనిలోనే ఉంటున్నాను. కారణం విని సంతోషించు. ఈ నెల నుంచి ఇన్‌స్పెక్షన్ గదికి నేనే ఇన్‌చార్జిని. మొత్తం ఫ్యాక్టరీలో ఏసీ ఉన్నది రెండు గదులకే. ఒకటి పెద్దసారుది, రెండోది నాది. వేడికి ఇనుము పెరుగుతుంది కనుక నా గదిని ఎప్పుడూ చల్లగా ఉంచాలి. పెద్దసారు గదిలో ఏం పెరుగుతుందని ఉంచారో నాకు తెలియదు.

పోయినసారి బావ అందరి ముందూ "మీ బ్లేడుతోని గడ్డం గీసుకోవచ్చునా" అని అడిగాడు. ఈ ముక్క ఆయనకు చదివి వినిపించు. మేము చేసేది విమానం ఇంజన్‌లో తిరిగే టర్బైన్ బ్లేడు. అరచేతిలో పట్టేంత ఉంటుంది, వేపాకులా కాస్త మెలి తిరిగి ఉంటుంది. మండే గాలి వాటిని తోస్తేనే ఇంజన్ తిరిగేది. దాని మందం చూడడం నా పని. మిల్లీమీటరును నూరు వంతులు చేస్తే, అందులో రెండు వంతుల హెచ్చుతగ్గులు ఒప్పుకుంటాం. మూడో వంతు కనిపిస్తే తుక్కే. మూడు వంతులంటే తలవెంట్రుకలో సగం. మీ దుకాణంలో కిలో తూచి, పైన గుప్పెడు కొసరు వేసి "ఇగ పో" అనే తూకం కాదు ఇది. నా గదిలో కొసరు లేదు.

మా దగ్గర మాస్టరు అని ఒక ఉక్కు ముక్క ఉంటుంది, బ్లేడు ఎంత ఉండాలో సరిగ్గా అంత మందం. ముందు దాన్ని డయల్ కింద పెట్టి ముల్లును సున్నా మీదికి తెస్తాం. ఆ తర్వాత బ్లేడు పెడితే ముల్లు ఎంత జరిగితే అంత తప్పు. ఆ మాస్టరు పెట్టె తాళంచెవి నా మొలతాడుకే ఉంటుంది.

అక్టోబరు ఒకటిన ఫ్యాక్టరీలో ఆయుధపూజ. ఇంటివాళ్ళను తీసుకురమ్మన్నారు. నాకు ఇల్లాలు లేదు కనుక నువ్వే రావాలి. మంచి చీర కట్టుకొని రా.

నీ తమ్ముడు
రాజేశ్వర్, ఇన్‌చార్జి

సంగారెడ్డి,
17-9-1976

చిరంజీవి రాజేశ్వర్‌కు అక్క రుక్మిణి దీవెనలు.

ఉత్తరం అందింది. సంతకం కింద ఇన్‌చార్జి అని చూసి, ఎవరో ఆఫీసరు రాశాడేమోనని మీ బావ కుర్చీలోంచి లేచాడు. మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి సంగతి చదివాక మళ్ళీ కూర్చున్నాడు.

కొసరును అంత తేలిగ్గా తీసిపారేయకు. నువ్వు తిని పెరిగింది ఆ కొసరు వల్ల వచ్చిన గిరాకీతోనే. నేను గుప్పెడు ఎక్కువ వేస్తే జొన్నలు ఎక్కువవుతాయి గాని ఎవరి కడుపూ కాలదు. పోనీలే, విమానాలు నడిపించేవాడివి, మా గల్లా దగ్గర నీకేం పని.

రెండు పేజీలు నీ గురించే రాశావు, కొమురయ్య పేరు ఒక్క చోటా లేదు. లక్డారం ఊరి కొమురయ్య, వాళ్ళ నాయన ముప్పై ఏళ్ళ నుంచి మన దుకాణంలో జొన్నలు వేస్తున్నాడు. బావ చెబితే నువ్వే కదా రెండేళ్ళ కింద పనిలో పెట్టించావు. ఆ బ్లేడ్లను తిరిగే పట్టా మీద చేత్తో పట్టి సానబెట్టేది అతనేనట. సానబెట్టేవాడు లేకుండా నీ ముల్లు కొలిచేదేమిటో నాకు తెలియలేదు. అతన్ని అడిగానని చెప్పు.

పూజకు వస్తాను. పులిహోర కూడా తెస్తాను. పసుపు, గంధం, కుంకుమ నేనే కలిపి తెస్తాను, మీ ఫ్యాక్టరీవాళ్ళు పెట్టే రంగునీళ్ళు నాకు నచ్చవు.

ఆశీస్సులతో
అక్క

పటాన్‌చెరువు,
9-10-1976

అక్కకు నమస్కారాలు.

నువ్వు వచ్చి వెళ్ళినప్పటి నుంచి నీ పులిహోర మాటే. "మీ సిస్టర్ చాలా శ్రద్ధగా పూజ చేసింది" అని పెద్దసారు రెండుసార్లు అన్నారు. నాకు గర్వంగా ఉంది. నువ్వు కాస్త నెమ్మదిగా మాట్లాడి ఉంటే ఇంకా గర్వంగా ఉండేది.

పండగ సంతోషం సోమవారంతో సరి. నువ్వు అంత అక్కరగా అడిగిన కొమురయ్య వల్లే నాకు తలనొప్పి మొదలైంది. ఆ రోజు అతని చేతి నుంచి అరవై బ్లేడ్లు వచ్చాయి. నలభై ఒకటి సన్నం. మంగళవారం ఇంకా ఎక్కువ. అన్నీ ఒకే తీరు, మూడు వంతులు తక్కువ. చెయ్యి బరువుగా పెట్టి ఎక్కువ అరగదీస్తున్నాడన్నమాట. పిలిపించి, అతని ఎదుటే ఒక బ్లేడును మూడుసార్లు కొలిచి చూపించాను. ఏమన్నాడో తెలుసా.

"సార్, నా బొటనేలు గిట్ల తప్పు జెయ్యదు. జెర మీ ముల్లునే ఒకసారి సూడుండ్రి."

గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. లక్డారం బొటనవేలికి సర్టిఫికెట్ ఎవరిచ్చారో కనుక్కొని చెప్పమన్నాను. ప్రతి ఉదయం మాస్టరును స్పిరిట్‌తో తుడిచి సున్నా సరిచూసేవాణ్ణి నేను. నన్ను ముల్లు చూసుకొమ్మంటాడు. రిపోర్టు రాసి పైకి పంపాను. ముచ్చటగా మూడు పేజీలు వచ్చింది.

నీ తమ్ముడు
రాజేశ్వర్

సంగారెడ్డి,
14-10-1976

చిరంజీవి రాజేశ్వర్‌కు దీవెనలు.

నీ ముచ్చటైన రిపోర్టు ఫలితం నిన్న మా దుకాణానికి నడిచి వచ్చింది. కొమురయ్యను పనిలోంచి ఆపేశారట. మెట్టు మీద కూర్చున్నాడు. చాయ పోస్తే తాగలేదు. "సావుకారమ్మా, నేను తప్పు జేసిన్నో లేదో నాకే సమజైతలేదు. సారు మూడుమాట్ల కొలిసి సూపిచ్చిండు" అన్నాడు. అతని భార్య సుమిత్రకు ఇది ఏడో నెల.

నాకు మీ వంతులు తెలియవు. దుకాణం నడపడం తెలుసు. మా తక్కెడ పట్టే చిన్నరాములు ఒక రోజు తప్పు తూచాడంటే వాడికి జ్వరమైనా ఉండాలి, ముందు రాత్రి కల్లైనా తాగి ఉండాలి. ఇరవై మందికి ఒకే కొలతలో తప్పు తూచాడంటే నేను చిన్నరాములును చూడను, తక్కెడను చూస్తాను. రెండేళ్ళు తప్పు పట్టని చెయ్యి పండగ పోగానే, అన్నిసార్లూ సరిగ్గా మూడు వంతులే ఎట్లా తప్పింది? అర్థంకాక అడుగుతున్నాను, కోపం తెచ్చుకోకు.

పెద్దసారు మెప్పు కోసం ఇట్లా చేస్తున్నావేమోనని మీ బావకు అనుమానం. నేను కాదన్నాను. కాదనే రాయి.

అక్క

పటాన్‌చెరువు,
20-10-1976

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి బాధపడ్డాను. నీ బాధ కొమురయ్య గురించా, వాళ్ళ నాయన వేసే జొన్నల గురించా అనేది నాకు తెలియకపోలేదు. నేను సిఫారసు చేసి పెట్టించినవాణ్ణి నేనే పట్టి ఇచ్చానంటే నిజాయితీ అనాలి. మెప్పు అంటున్నారు. సరే.

నువ్వు అడిగినదానికి జవాబు కూడా దొరికింది. కొమురయ్య చోట సూపర్‌వైజరు బావమరిది యాదగిరిని పెట్టారు. వాడికి పట్టా ముఖం తెలియదు. "చెయ్యి తేలికగా పెట్టు, ముల్లు సున్నా చూపిందాకా నన్ను అడుగుతూ ఉండు" అని చెప్పాను. అంతే. వారం రోజుల్లో నూట పద్దెనిమిది బ్లేడ్లు, ముల్లు సున్నా మీది నుంచి కదిలితే ఒట్టు. అన్నీ ఇంజన్లు కట్టే ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాయి. పెద్దసారు యాదగిరి మెడలో దండ వేసి ఫొటో తీయించారు. నేను పక్కన ఉన్నాను గాని సగమే పడ్డాను. ముల్లు తప్పయితే యాదగిరికి సున్నా ఎట్లా వచ్చిందో నీ చిన్నరాములును అడుగు.

నవంబరు పదిహేను సోమవారం కొమురయ్య మీద విచారణ. ముగ్గురు ఆఫీసర్లు కూర్చుంటారు, నేను సాక్షిని. ఉద్యోగం పోతుంది, ఇంకెక్కడా దొరకని రాత కూడా రాస్తారు. ఈ ఎమర్జెన్సీ రోజుల్లో యూనియన్‌వాళ్ళే గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు, కాబట్టి ఎవరూ అడ్డుపడరు. దీపావళికి రాను. పని ఉంది.

రాజేశ్వర్

సంగారెడ్డి,
27-10-1976

రాజేశ్వర్‌కు అక్క రాయునది.

దీపావళికి నువ్వు రాకపోతే నీ వాటా గరిజెలు మీ బావ తిన్నాడు. కడుపునొప్పి వస్తే నీ పేరు చెప్పాడు.

జొన్నల మాట అన్నావు. అన్నందుకు నేను ఏడ్చాను, దాచడం ఎందుకు. కొమురయ్య నాయన ఇప్పుడు జొన్నలు ఇంకో దుకాణంలో వేస్తున్నాడు. మన గడప తొక్కడానికి సిగ్గుపడుతున్నాడట. సిగ్గుపడాల్సింది ఎవరో నాకింకా తేలలేదు.

నువ్వు మారిపోయావు. పూజ రోజునే చూశాను. పెద్దసారు వెనకాల కొబ్బరిచెక్కల పళ్ళెం పట్టుకొని తిరుగుతూ, నేను నీ గదిలో ఒక్కదాన్నే ఉన్నానన్న ధ్యాస కూడా లేదు నీకు. అమ్మ ఉండగా దసరాకు దుకాణంలో ప్రతి తూకంరాయికీ బొట్టు పెట్టేది. పైన పెడితే చేతులు తగిలి పోతుందని, రాయిని తిప్పి అడుగున పెట్టేది. కుంకుమలో తుమ్మబంక కలిపి పెడితే ఏడాదంతా ఉండేది. నువ్వు మరిచిపోయి ఉంటావని నీ గదిలో నేనే పెట్టాను. పూజకని నువ్వే పెట్టె తాళం తీసి ఉంచిన నీ మాస్టరుకైతే పైన గంధం అద్ది, అడుగున రూపాయంత బొట్టు అమ్మ పెట్టినట్టే పెట్టాను, ఇంటిపేరు నిలబెట్టాలని దణ్ణం కూడా పెట్టుకున్నాను. పైదాన్ని నువ్వు స్పిరిట్‌తో తుడిచే ఉంటావు. అడుగుదైనా ఉంచావా, అదీ తుడిచేశావా? ఇంతకాలమూ నాకు ఉన్న కోపం అదే.

అక్క

సంగారెడ్డి,
5-11-1976

రాజేశ్వర్‌కు,

తొమ్మిది రోజులైంది, జవాబు లేదు. బొట్టు మాట అంటే అంత కోపమా? తుడిస్తే తుడిచావులే, నేను ఏమీ అనుకోను. నిన్న చిన్నరాములు చేత గరిజెలు పంపాను. "సారు బల్ల ముందట కూసుండు, ఒక ఇనుప ముక్కను ఉల్టా పట్టుకొని సూస్తుండు. పిలిస్తే పలుకలే, డబ్బ ఆడ వెట్టి వచ్చిన" అన్నాడు. ఒంట్లో బాగాలేదా? నాలుగు అక్షరాలు రాయి. జొన్నల మాట నేను మరిచిపోయాను.

అక్క

పటాన్‌చెరువు,
9-11-1976

అక్కకు,

ఒంట్లో బాగానే ఉంది. నీ మీద కోపం లేదు. ఉంటే బాగుండేది, కనీసం ఎవరి మీదనో ఒకరి మీద ఉండేది.

నీ బొట్టు భద్రంగా ఉంది. నేను తుడవలేదు. మాస్టరుకు పక్కన పిడి ఉంటుంది. పిడి పట్టుకొని ఎత్తుతాను, పిడి పట్టుకొని దించుతాను. అడుగు ఎవరు ముట్టుకుంటారులే అని పైన మాత్రం తుడిచేవాణ్ణి. రెండు వైపులా తుడవాలని పుస్తకంలో ఉంది. ఆ పేజీని కొత్తగా వచ్చినవాళ్ళకు గట్టిగా చదివి వినిపించేది నేనే.

నీ ఉత్తరం వచ్చిన రోజే తిప్పి చూశాను. గట్టిపడి, నున్నగా, నాణెంలా ఉంది. దాని మందం కొలిచాను. మూడు వంతులు. అక్కా, మాస్టరు నీ బొట్టు మీద కూర్చొని మూడు వంతులు ఎత్తు పెరిగింది. నేను ఆ ఎత్తును సున్నా అన్నాను. అప్పటి నుంచి సరైన బ్లేడు సన్నం అయింది. మూడు వంతులు లావున్న బ్లేడు సరైనది అయింది. కొమురయ్యవి తుక్కులోంచి తీసి మళ్ళీ కొలిచాను. ఒక్కటి కూడా తప్పు లేదు. పంపేసిన యాదగిరివి నూట పద్దెనిమిదీ లావే, ఇంకా పంపనివీ లావే. దండ వేసినవన్నీ లావే.

పెద్దసారుకు చెప్పాను. తలుపు వేయించి, మంచినీళ్ళు తాగి, "తుడిచెయ్, మరిచిపో" అన్నారు. పంపిన బ్లేడ్లు వాపసు తెప్పిస్తే కాంట్రాక్టు పోతుందట. అవతలివాళ్ళు మళ్ళీ ఎలాగూ కొలుచుకుంటారట. విచారణలో పాత రిపోర్టే చదివితే జనవరిలో నాకు ప్రమోషన్ ఉందన్నారు. ఆలోచించి చూస్తే ఆయన మాటలోనూ కొంత న్యాయం ఉంది. నేను బయటపడితే గది మొత్తానికీ చెడ్డపేరు. కొమురయ్యకు ఎకరాలున్నాయి, ఉద్యోగం లేకపోతే పస్తులుండడు. మీ బావ తలచుకుంటే అతనికి రైస్‌మిల్లులో పని ఇప్పించలేడా? నువ్వు నెమ్మదిగా చెప్పి చూడు. ఈ ఉత్తరం చదివి చించెయ్యి.

రాజేశ్వర్

సంగారెడ్డి,
11-11-1976

రాజేశ్వర్,

ఈసారి దీవెనలు లేవు.

ఉత్తరం చించలేదు. మీ బావకు కూడా చదివి వినిపించాను. ఆయన ఏ వేళాకోళమూ ఆడలేదు, లేచి వెళ్ళి దుకాణం తలుపులు వేసేశాడు. పగలు పదకొండు గంటలకు మన దుకాణం మూయడం నేను ఇదే చూడడం.

బొట్టు పెట్టింది నేను. పెద్దగా చదువుకోనిదాన్ని, తెలియక పెట్టాను, ఆ తప్పు నాది. నా చేతులు నరుక్కోవాలనిపించింది. కాని తెలిసిన తర్వాత దాన్ని దాచిపెట్టేవాడివి నువ్వు. మీ బావను మీ బావ అని నువ్వే రాశావు, నీకు బావ కానట్టు. అంత కంగారులో కూడా జనవరి ప్రమోషన్ మాత్రం మరిచిపోలేదు.

మన రాళ్ళ అడుగున కూడా బొట్టు ఉంటుంది. ఆ బొట్టు బరువు కొనేవాడికి లాభం, మనకు నష్టం. అమ్మకు ఆ సంగతి తెలుసు, తెలిసే పెట్టేది. నీ బొట్టు నష్టం ఎవరికి వేస్తున్నావో చూసుకో. కొమురయ్యకు ఎకరాలున్నాయని రాశావు. ఉన్నది ఎకరంన్నర, బావి ఎండిపోయింది. అయినా పది ఎకరాలున్నా చేయని తప్పు మోస్తాడా? ఆ లావు బ్లేడ్ల ఇంజన్‌లో కూర్చునేవాడికి ఎన్ని ఎకరాలున్నాయో కూడా కనుక్కున్నావా?

నీ ముల్లు పట్టుకొని ఊరందరినీ వెక్కిరించావు. నన్ను వెక్కిరిస్తే ముద్దుగానే ఉండేది, చిన్నప్పటి నుంచి నిన్ను నెత్తిన పెట్టుకున్నది నేనే కదా. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

సోమవారం నేను రావాలని చీర కూడా తీసిపెట్టుకున్నాను. మీ బావ వద్దన్నాడు. ఆడమనిషి వచ్చి బొట్టు పెట్టానంటే నవ్వి పంపుతారు, కొలిచినవాడు చెబితేనే అది కొలత అన్నాడు. ఆయన మాట నిజం. రైస్‌మిల్లులో పని అడగను. నువ్వు చెప్పకపోతే నాకు ఉత్తరం రాయకు.

రుక్మిణి

పటాన్‌చెరువు,
19-11-1976

అక్కకు, బావకు రాజేశ్వర్ నమస్కారాలు.

రాయవచ్చునని రాస్తున్నాను.

సోమవారం విచారణలో పాత రిపోర్టు చదవమన్నారు. మొదటి పేజీ చదివాను. రెండో పేజీ తిప్పకుండా కాగితాలు కింద పెట్టాను. సంచిలోంచి మాస్టరు తీసి, బల్ల మీద తిరగేసి పెట్టాను. ముగ్గురు ఆఫీసర్లూ వంగి చూశారు. ఒకాయన అలవాటు కొద్దీ కళ్ళకు అద్దుకోబోయి ఆగాడు. అంతా చెప్పాను, పైనే తుడిచేవాణ్ణన్న సంగతి కూడా. పెద్దసారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఆయన తుడిచెయ్యమన్న మాట మాత్రం చెప్పలేదు. అంత ధైర్యం నాకు లేదని నీకు తెలియాలి.

బ్లేడ్లు వాపసు పంపమని తంతి ఇచ్చారు. నూట పదకొండు దొరికాయట, మిగతా ఏడు ఏ పెట్టెలో ఉన్నాయో వెతుకుతున్నారు. యాదగిరిని మెచ్చుకున్న ఫొటో ఇంకా గోడ మీదే ఉంది. నోటీసుబోర్డులో సర్క్యులర్ పెట్టారు: ఇక ముందు ఆయుధపూజకు ఆడవాళ్ళను రానివ్వరాదు. ఫ్యాక్టరీ మొత్తంలో తేలిన తప్పు అదొక్కటే. నన్ను ప్యాకింగు సెక్షన్‌లో వేశారు. చెక్కపెట్టెలకు మేకులు కొట్టించడం నా పని. తాళంచెవి ఇచ్చేశాను.

పనిలోకి రమ్మన్న కాగితం కొమురయ్యకు నేనే తీసుకొని వెళ్ళాను. పోస్టులో పంపుతామన్నారు, వద్దన్నాను. లక్డారంలో వరి కోతలు సాగుతున్నాయి. సుమిత్ర గట్టు మీద కూర్చొని ఉంది, కొమురయ్య నాయన కూలికి కోస్తున్నాడు, కొమురయ్య కట్టలు మోస్తున్నాడు. కొడవలి ఎందుకు పట్టలేదని అడిగాను. కాగితం చదివి వినిపించి, తప్పు నాదేనని చెప్పాను. తిడతాడని సిద్ధపడే వెళ్ళాను.

"సారూ, నా బొటనేలు కరెక్టే అని చెప్తనే ఉండె. మీరు మూడుమాట్ల కొలిసి సూపిచ్చినంక నేనే దాని మాట ఇనలే. మిషిన్ అబద్ధమాడదు గద అనుకున్న. ఇగ అప్పటిసంది ఏం పట్టుకున్నా సరిగ్గ పట్టిన్నో లేదో సమజైతలేదు. గందుకే కొడవలి ముట్టలే" అన్నాడు.

క్షమించమని అడిగాను. "అట్లనకుండ్రి సారూ" అని నాకు చెంబుతో నీళ్ళు ఇచ్చాడు. తాగాను. తిట్టి ఉంటే ఇంటికి తేలికగా వచ్చేవాణ్ణి.

బుధవారం నుంచి పనిలోకి వస్తున్నాడు. ప్యాకింగు నుంచి అతని పట్టా కనబడుతుంది. పని మునుపటిలాగే ఉంది, ఒక్క బ్లేడూ తప్పు రాలేదు. కాని ప్రతి బ్లేడూ తీసి, బొటనవేలితో రెండు మూడుసార్లు తడిమి, పక్కన ఎవరుంటే వాళ్ళకు చూపిస్తున్నాడు. నిన్న ఊడ్వడానికి వచ్చిన మొగులమ్మకు కూడా చూపించి "సరిగ్గుందా అమ్మా" అని అడిగాడు. ఇదివరకు అతను ఎవరినీ అడిగేవాడు కాదు.

నీ తమ్ముడు
రాజేశ్వర్